మేకుకి వేలాడిన కప్పు

ఉనైసి పోయి నలభై రోజులు దాటింది. వాళ్ళ ఊళ్ళో వందో రోజు చేస్తారు. ఆ లోపు ఆవిడ గురించి నాకు తెలిసింది రాసి పెట్టుకోవాలనిపించింది.

రాయడానికి ఆవిడేం పేరున్న మనిషి కాదు. మా చెరుకు పొలం అంచున వాగు, వాగు దాటితే కాయ్‌వీతి వాళ్ళ ఊరు, ఆ ఊళ్ళో చివర్నించి రెండో ఇల్లు ఆవిడది. మా తాతలు చెరుకు పనికి ఓడల్లో వచ్చి దిగకముందు నుంచీ ఈ దీవుల్లో ఉన్నవాళ్ళు వాళ్ళు. మడ అడవిలో పీతలు పట్టేది. కూతా గడ్డి కోసుకొచ్చి, ఎండబెట్టి, చాపలు అల్లేది. కోతల కాలంలో మొగుడు అపెనిసా మా ముఠాలో చెరుకు నరుకుతుంటే వెనకాల గడలు మోసేది. భారీ మనిషి. నవ్వితే ముందు పొట్ట కదిలేది, తర్వాత భుజాలు కదిలేవి, ఆఖర్న నవ్వు బయటికొచ్చేది. ఎడమ చేతి చిటికెన వేలు సగమే ఉండేది. పీత కొరికేసిందట. అది నా వేలు సగమే తింది, నేను దాన్ని మొత్తం తిన్నాను, నేనే గెలిచాను అనేది.

హిందీ మాకంటే బాగా మాట్లాడేది. మా అత్త తెలుగులో గొణిగితే, నేర్చుకున్న నాలుగు తెలుగు ముక్కల్తోనే జవాబు చెప్పేది. నన్ను వదినా అని పిలిచేది. ఆ వరస ఎవరు కలిపారో గుర్తు లేదు. ఆవిడే కలుపుకుని ఉంటుంది.

నేను పక్క దీవిలోని రాకిరాకి నుంచి సముద్రం దాటి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మర్నాడు, మా అత్త నాకు వంటిల్లు చూపించింది. ఉప్పు ఎక్కడ, కారం ఎక్కడ, నీళ్ళు ఏ డ్రమ్ములోవి తాగాలి, అన్నీ చెప్పింది. ఆఖర్న వంటింటి బయట, చూరు కింద మేకుకి వేలాడుతున్న తెల్ల ఎనామిల్ కప్పు చూపించింది. అంచుకి నీలం గీత ఉంది. అది వాగవతలి మనిషిది, మన గ్లాసుల్లో కలపొద్దు, కడిగితే విడిగా కడుగు అంది.

నేను ఎందుకని అడగలేదు. మా పుట్టింట్లోనూ అలాంటి మేకు ఉంది. అక్కడ కప్పు కూడా కాదు, ఖాళీ పాలడబ్బా. ఎనామిల్ కప్పు చూసి, వీళ్ళు నయం, మర్యాద తెలిసిన వాళ్ళు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

ఉనైసి వెనక వైపు నుంచి వచ్చేది. కప్పు తనే మేకు మీంచి తీసుకుని, మెట్టు మీద కూర్చుని చేయి చాపేది. నేను పైనించి టీ పోసేదాన్ని, కెటిల్ కప్పుకి తగలకుండా. అలా పోయడం నాకు ఎంత అలవాటైపోయిందంటే, ఒక్క చుక్క కింద పడేది కాదు. ఆవిడ మూడు చెంచాల చక్కెర వేయించుకునేది. తాగి, తనే కడిగి, బోర్లించి, మళ్ళీ మేకుకి తగిలించేది.

నా కూతురు సులోచన పుట్టిన పదకొండో రోజున నాకు జ్వరం వచ్చి పాలు ఆగిపోయాయి. ఆస్పత్రి వాళ్ళు ఇచ్చిన డబ్బా పాలు పిల్లకి పడలేదు. ఆవిడ కొడుకు ఇసిమేలి అప్పటికి నాలుగు నెలల వాడు. ఏడుపు విని వాగు దాటి వచ్చి, వెనక వసారాలో కూర్చుని, ఎవర్నీ అడక్కుండా పిల్లని తీసుకుని రొమ్ముకి పెట్టుకుంది. మూడు నెలలు రోజుకి నాలుగుసార్లు వచ్చింది, ఒక పక్క వాడు, ఒక పక్క ఇది. నీ కూతురు కోతల్లో మేస్త్రీలాగా గుంజుతోంది వదినా, నా కొడుక్కి చెత్త మాత్రమే మిగులుస్తోంది అని నవ్వేది.

అప్పుడు కూడా టీ ఆ కప్పులోనే.

నేను ఒకసారి, ఒకే ఒక్కసారి, మా అత్తతో అన్నాను. పిల్ల ఆవిడ పాలు తాగుతోంది కదా, ఇంకా ఈ కప్పు ఎందుకని. మా అత్త బియ్యం చెరుగుతూ తలెత్తకుండా చెప్పింది. "పాలు దేవుడిచ్చినవి. గ్లాసులు మనవి." ఆ మాట నాకు సమాధానంలాగే వినబడింది. ఊరుకున్నాను.

సులోచనకి ఐదేళ్ళప్పుడు, ఎండలో ఆడి వచ్చి, మేకు మీద కప్పు లాక్కుని డ్రమ్ములో ముంచుకుని తాగింది. నేను చూసి చెంప మీద కొట్టాను. ఎంగిలి కప్పు, జంగ్లీ వాళ్ళ కప్పు అన్నాను. ఉనైసి అక్కడే, అరటి చెట్టు దగ్గర, పీతలకి తాడు కడుతోంది. పిల్ల ఏడవలేదు. నా వైపు చూసి, ఆవిడ వైపు చూసి, మళ్ళీ నా వైపు చూసింది. ఉనైసి తాడు ముడి వేయడం పూర్తి చేసి, లేచి వచ్చి, నా కప్పులో చక్కెర అంటుకుని ఉంటుంది, చీమలకీ పిల్లలకీ అది ముందు తెలుస్తుందిలే వదినా అంది. పిల్లని ఎత్తుకుని వాగు దాకా తీసుకెళ్ళింది. నాకు సిగ్గు వేయలేదు. తప్పించుకున్నాను అనిపించింది, అంతే.

వాళ్ళ ఊళ్ళో ఎవరి ఇంటి ముందు నుంచి నడిచినా లోపల్నించి కేక వస్తుంది, రా, తిను అని. తలుపులు తెరిచే ఉంటాయి. లోపల ఉన్నది ఒక్క కర్రపెండలం దుంపే అయినా పిలుస్తారు. దానికి జవాబు కూడా ఉంది, ఇప్పుడే తిన్నాను, కడుపు నిండుగా ఉంది అని నవ్వుతూ వెళ్ళిపోవాలి. వాళ్ళలో వాళ్ళూ అలాగే అంటారు. కానీ వాళ్ళు నాలుగుసార్లు అలా అని, ఐదోసారి లోపలికి వెళ్ళి కూర్చుంటారు. నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఆ జవాబే చెప్పాను. చాప కోసం వెళ్ళినా, పీతల కోసం వెళ్ళినా, ఆవిడకి నలతగా ఉందని చూడ్డానికి వెళ్ళినా, ఇప్పుడే తిని వచ్చాను. వాళ్ళ గిన్నెలో ఏ మాంసం ఉడికిందో అని మాకు అనుమానం. దుంప ఉడికినా అనుమానమే. వాళ్ళ మర్యాద మాట చాటున నా అసహ్యం అన్నేళ్ళు దాక్కుంది. ఎవరికీ తెలీదనుకున్నాను.

రాజధాని సువాలో మా వాళ్ళున్న ప్రభుత్వాన్ని పడగొట్టిన ఏడు, మా వాళ్ళ ఇళ్ళ మీద రాళ్ళు పడుతున్నాయని కబుర్లు వచ్చాయి. ఉనైసి చాప చుట్టుకుని వచ్చి పదకొండు రాత్రులు మా ముందు వసారాలో పడుకుంది. మా ఊరి కుర్రాళ్ళు ఎవరైనా వస్తే ముందు నా పొట్ట దాటాలి, అది దాటడానికి వాళ్ళకి బస్సు కావాలి అనేది. మేం లోపల గడియ పెట్టుకుని పడుకున్నాం. లోపల పడుకో అని ఎవరమూ అనలేదు. అనకూడదని కాదు, మాకు తోచలేదు. తోచకపోవడమే ఇప్పుడు నన్ను తినేస్తోంది.

సులోచన పెద్దదై లంబాసాలో నర్సుగా చేరింది. దానికి ఆగస్టులో పెళ్ళి అనుకున్నాం. ఉనైసి దానికి పెళ్ళి చాప మొదలుపెట్టింది. సులోచనే బజారు నుంచి అంచుకి ఊలు కొనుక్కొచ్చి ఇచ్చింది, ఆకుపచ్చ, గులాబీ. ఆ రెండూ కలపరు, మా వాళ్ళు నవ్వుతారు అని ఆవిడ, కలుపు పెద్దమ్మా, నా పెళ్ళి నా రంగులు అని ఇది. ఐదు నెలలు అల్లింది. కూతా గడ్డి సన్నగా చీల్చి, చేత్తో ముడుచుకుంటే గుడ్డలా ఉండేలా అల్లింది.

మార్చిలో వరద వచ్చింది. వరద తర్వాత వచ్చే జ్వరం సులోచనని ఆరు రోజుల్లో తీసుకుపోయింది. ఇరవై ఆరేళ్ళు.

దాని గురించి ఇక్కడ రాయను. రాయలేను.

చావింటికి చాప పట్టుకుని వెళ్ళడం వాళ్ళ పద్ధతి. ఉనైసి పెళ్ళి చాప పట్టుకొచ్చింది, పిల్లని దాని మీద పడుకోబెట్టమని. హాల్లో ఆడవాళ్ళు నా చుట్టూ, పిల్ల చుట్టూ ఉన్నారు. ఆవిడ గుమ్మం బయట మెట్టు మీద ఆగింది. ఎవరో చాప అందుకుని వసారా మూలకి నిలబెట్టారు. ఆవిడ మెట్టు మీదే కూర్చుంది. పొద్దుటి నుంచి శవం లేచేదాకా అక్కడే కూర్చుంది. మూడు నెలలు పాలిచ్చిన మనిషి. నేను ఆవిడ్ని చూశాను. తల తిప్పితే కనబడే చోటే ఉంది. రా అని ఒక్క మాట అంటే చాలు. నాకు ఏడుపు తప్ప ఇంకేం తెలీని రోజు అది అని సర్ది చెప్పుకోవచ్చు. కానీ మా తోడికోడలు ఆలస్యంగా వస్తే, జరగండి, దాన్ని రానివ్వండి అన్నది నేనే.

మూడో రోజు వాన ముసురుకొచ్చింది. షెడ్డులో యూరియా బస్తాలు తడుస్తాయి, ఏదైనా కప్పండి అని మా ఆయన కేకేశాడు. నేను లేచాను. ఏదో ఒక పని దొరికిందని లేచాను. వసారా మూల చాప కనబడింది. తీసుకెళ్ళి బస్తాల మీద పరిచాను. నా చేతుల్తోనే. అది ఎవరైనా పెట్టిన చీర అయితే తీసేదాన్నా? తీయను. చాపే కదా. కాయ్‌వీతి చాపే కదా.

పదో రోజు వంటలకి కట్టెలు కొట్టడానికి ఉనైసి వచ్చింది. కట్టెలు షెడ్డు వెనక ఉంటాయి. వెళ్ళింది, చాలాసేపు రాలేదు. నేను చూడ్డానికి వెళ్తే, బస్తాల ముందు నిలబడి ఉంది. చాప తడిసి, ఎరువు కరిగి, గులాబీ ఊలు తెల్లబడిపోయింది. మా కుక్క దాని మీద ముడుచుకుని పడుకుంది. ఆవిడ కుక్కని కూడా లేపలేదు.

కట్టెలు కొట్టింది. మొత్తం కొట్టింది. వంటింటి దగ్గరికి వచ్చి మేకు మీద కప్పు తీసింది. నేను కెటిల్ అందుకున్నాను. ఆవిడ కప్పు చాపలేదు.

"ఇది నాదే కదా వదినా?" అంది. "ఇన్నేళ్ళలో ఇంకెవరూ తాగలేదు దీంతో. ఒక్క సులోచన తప్ప. ఇంటికి తీసుకెళ్తాను."

కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అంది. కప్పుని చీర కొంగులాంటి తన పై గుడ్డలో చుట్టుకుని వాగు దిగి వెళ్ళిపోయింది. మా అత్త లోపల్నించి, పోనీలే, తుప్పు పట్టిన కప్పు, ఇంకోటి కొందాం అంది.

ఆ రోజు కెటిల్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ముప్పై ఒక్క ఏళ్ళు ఆవిడకి తెలుసు. నవ్విన ప్రతిసారీ తెలుసు. చెంపదెబ్బ నాడు తెలుసు. నేను మాత్రమే తెలీదనుకున్నాను.

ఆ తర్వాత ఆవిడ రాలేదు. నేను చాప ఉతికాను, ఎండేశాను, మళ్ళీ ఉతికాను. ఎరువు వాసన పోలేదు. మనసులో ఒకటే పట్టుకుంది. ఆవిడ ఇంట్లో కూర్చుని, ఆవిడ చూస్తుండగా తినాలి. క్షమించు అనే మాట నా నోటికి రాదు, వచ్చినా ఆవిడ నవ్వేస్తుంది. తింటే చాలు, ఆవిడకి అర్థమవుతుంది. రేపు, ఎల్లుండి, కోతలయ్యాక అనుకుంటూ ఎనిమిది నెలలు గడిపాను.

నవంబరులో, చక్కెర జబ్బుకి ఉనైసి కాలు తీసేశారని తెలిసింది. వెళ్ళాను. దారి పొడుగునా, రా, తిను అని ప్రతి ఇంటి నుంచీ కేక. ఉనైసి పరుపు మీద గోడకి ఆనుకుని ఉంది. సగమైపోయింది. ఇసిమేలి పెళ్ళాం లితియా నాకు కొత్త చాప పరిచింది. ఉనైసి నా మొహం చూసి, కాలు చూపించి, ఈసారి పీత బాగా పెద్దది వదినా అంది. ఇద్దరం నవ్వాం.

లితియా పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది. ఉడికిన కర్రపెండలం, కొబ్బరిపాలలో చేప. కొత్త పింగాణీ కప్పులో టీ, కింద సాసరు. ఉనైసి చేతిలో మా మేకు మీది ఎనామిల్ కప్పు. పొగలు వస్తున్నాయి. ఉనైసి, "తిను వదినా" అంది.

నేను నోరు తెరిచాను. "ఇప్పుడే తిని వచ్చాను."

ఒట్టు, నేను అనలేదు. నోరే అనేసింది. తినడానికే వాగు దాటి వెళ్ళినదాన్ని. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు కూడా.

ఉనైసి చిన్నగా తలూపింది. "తెలుసు. ముప్పై ఏళ్ళుగా ఇప్పుడే తిని వస్తున్నావు నువ్వు."

లితియా పళ్ళెం మీద గుడ్డ కప్పి తీసేసింది. పెట్టు, తింటాను అని చేయి చాపితే అయిపోయేది. ఆ చేయి లేవలేదు. లేచి వచ్చేస్తూ గుమ్మం దగ్గర తిరిగి, గురువారం వస్తాను, తింటాను, ఏదైనా వండించు అన్నాను. ఆవిడ మొహంలో ఏదో వెలిగింది. నిజంగానా అన్నట్టు చూసింది. రా, నేనే దగ్గరుండి చేపల పులుసు వండిస్తా, నీ కోసం మిరపకాయలు కూడా వేయిస్తా, మీ అత్త వేసినన్ని వేయిస్తా, మా వాళ్ళు ఏడుస్తారు, ఏడవనీ అంది.

గురువారం చీర మార్చుకుంటుంటే మా అత్త అడిగింది. చెప్పాను. ఏడాది తిరగనిదే పైవాళ్ళ ఇంట్లో మెతుకు ముట్టకూడదు, పిల్ల ఆత్మకి మంచిది కాదు, అయ్యాక వెళ్ళు అంది. నేను కూర్చుండిపోయాను. మార్చి దాకానే కదా, నాలుగు నెలలే కదా అనుకున్నాను. అంతకు రెండు నెలల ముందే మా ఆడపడుచు ఇంట్లో పెళ్ళి భోజనం చేశాం. అది పైవాళ్ళ ఇల్లు కాదు కాబోలు. ఈ ఆలోచన నాకు ఆ రోజే వచ్చింది. వచ్చినా కూర్చునే ఉన్నాను. నిజం రాస్తున్నాను కాబట్టి ఇది కూడా రాయాలి. మా అత్త ఆపినందుకు నాకు కొంచెం హాయిగా అనిపించింది.

కబురు కూడా పంపలేదు. ఆ రోజు ఉనైసి సాయంత్రం దాకా వాగు వైపు కిటికీ మూయనివ్వలేదని తర్వాత తెలిసింది. పులుసులో మిరపకాయలు ఎక్కువై ఇంట్లో ఎవరూ తినలేకపోయారట.

పుండు పైకి పాకింది. పద్దెనిమిది రోజులకి పోయింది.

ఉతికిన చాప చుట్టి చంకలో పెట్టుకుని బయల్దేరాను. మా అత్తతో చెప్పలేదు. ఆ ఇంటి ముందు టార్పాలిన్ పందిరి, లోపల పాటలు, గుమ్మంలో చాపల మీద చాపలు. వాళ్ళ ఆడవాళ్ళు ఒంగి లోపలికి వెళ్ళి చాప ముందు పెట్టి ఏదో చెప్తారు, పెద్దాయన చప్పట్లు కొట్టి అందుకుంటాడు. ఆ లాంఛనం మాటలు నాకు రావు. ముప్పై ఏళ్ళలో నేర్చుకోలేదు. చాప పెట్టి ఊరికే నిలబడ్డాను. లితియా దాన్ని విప్పి చూసింది. వేలితో అంచు తడిమింది. ఆకుపచ్చ ఊలు మిగిలింది, గులాబీ పోయింది. వాసన కూడా తగిలే ఉంటుంది.

"ఇది అత్తయ్య చేతిది" అంది, నాతో కాదు, పెద్దాయనతో. ఆ చాప గోతిలోకి వెళ్ళింది, అన్నిటికంటే కింద. పిల్ల దాని మీద పడుకోలేదు. ఆవిడ పడుకుంది.

తర్వాత భోజనాలు. వరసగా నేల మీద ఆకులు, పళ్ళేలు. నేను వెళ్ళి ఒక చోట కూర్చున్నాను. పక్కనున్న ముసలావిడ, ఉనైసి ఆడపడుచు, నన్ను ఎగాదిగా చూసి, "ఇవాళ ఇంట్లో వండలేదా?" అంది. పళ్ళెం ముందుకి లాక్కున్నాను. చామదుంప, కొబ్బరిపాలలో ఉడికిన ఆకులు, ఏదో మాంసం. ఏం మాంసమో అడగలేదు. తిన్నాను. పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తిన్నాను. రుచి తెలీలేదు. నేను తింటున్నానని ఎవరూ చూడలేదు. వాళ్ళకి తినడం వింత కాదు. వింతగా చూడాల్సిన ఒక్క మనిషి గోతిలో ఉంది.

మంచినీళ్ళు వచ్చాయి. ఆ ఎనామిల్ కప్పే, చేతులు మారుతూ వస్తోంది. ఒకరు రెండు గుటకలు తాగి పక్కవాళ్ళకి ఇస్తున్నారు, పిల్లలు, ముసలాళ్ళు, చర్చి పాటల వాళ్ళు. ఆ ఇంట్లో అది ఎవరి కప్పూ కాదు. ముసలావిడ తాగి నాకు ఇచ్చింది. తాగి పక్కావిడకి ఇచ్చాను. ఇంత తేలిక అది. ఇంత తేలికైన దానికి నాకు ముప్పై ఒక్క ఏళ్ళు, ఒక కూతురు, ఒక ఉనైసి అయిపోయారు.

ఇంటికి వచ్చేసరికి మా అత్త వెనక వసారాలో ఉంది. నా చేతి వాసన అంత దూరం నుంచే తెలిసినట్టుంది. అక్కడ తిన్నావా అంది. తిన్నాను అన్నాను. స్నానం చేసి లోపలికి రా అంది.

చావింటి నుంచి వస్తే ఎవరైనా స్నానం చేస్తారు. కానీ ఆవిడ అన్నది చావు గురించి కాదు. అది నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. చేయను అనొచ్చు. తల మీంచి నీళ్ళు పోసుకుని, చీర మార్చుకుని, లోపలికి వెళ్ళాను.

మొన్న వాగవతలి నుంచి ఒక అమ్మాయి పీతలు అమ్మడానికి వచ్చింది. నేను స్టీలు గ్లాసులో టీ పోసి చేతికిచ్చాను. ఆ అమ్మాయి తీసుకోలేదు. చుట్టూ చూసి, మేకు వైపు చూసింది. మేకు ఖాళీగా ఉంది. ఇప్పుడే తాగి వచ్చాను అత్తా అంది.